కారణం రాసే గడి

ఈ బెంగాలీ ఊళ్ళో, ఏక్‌బాల్‌పూర్ పేటలో మేం అద్దెకుండే ఇంటి మేడ మీద నాకు ఇరవై ఆరు కుండీలుండేవి. కుండీలంటే అన్నీ కుండీలు కావు. తొమ్మిది రంగు డబ్బాలు, నాలుగు చిల్లుపడ్డ బకెట్లు, ఎవరో పారేసిన పింగాణీ సింకు ఒకటి. వాటిల్లో గోంగూర, బచ్చలి, చిక్కుడు, కరివేపాకు, చలికాలంలో పూసే చామంతులు. ఈ తోటకి నేను చెయ్యాల్సిన పనులు ఎప్పుడు లెక్కపెట్టినా పదికి తక్కువుండవు. అది సోమరితనమని ఎవరైనా అంటే వాళ్ళతో తగువు పెట్టుకుంటాను. పని వాయిదా వెయ్యడం నా మట్టుకి నాకు ఒక పనితనం. తొమ్మిదేళ్ళు సాధన చేసి నేర్చుకున్నాను.

నాకు కీళ్ళవాతం. ముసలితనంలో వచ్చే మోకాళ్ళ నొప్పి కాదు, ముప్ఫై ఎనిమిదో ఏట వేళ్ళ కణుపుల్లో మొదలైంది. పొద్దున్న లేచేసరికి రెండు చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి. పిడికిలి పడదు. దువ్వెన పట్టుకోవాలంటే ముందు వేణ్ణీళ్ళ మగ్గులో వేళ్ళు కాసేపు నానాలి. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పేసింది, ఇది పోయే జబ్బు కాదు, దీంతో బతకడం నేర్చుకోవాలని. అత్తగారితో ఇరవయ్యేళ్ళు ఒకే గదిలో సర్దుకున్నదాన్ని, దీనికి భయపడతానా అనుకున్నాను.

కొన్నాళ్ళకి కిటుకు పట్టుబడింది. చేతులు రోజుకి ఇంత పని అని ఇస్తాయి, అంతకన్నా ఇవ్వవు. మాత్ర పనిచేసే వేళ పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా. అది ఉద్యోగానికి. ఆ తర్వాత మిగిలింది వంటకి. వంటయ్యాక ఏమైనా మిగిలితే తోటకి. సాధారణంగా ఏమీ మిగలదు. అంచేత తోటపనులన్నిట్నీ వరసలో నిలబెట్టి, దేన్ని ఆపితే మొక్క చచ్చిపోదో దాన్ని వెనక్కి నెడుతూ వచ్చాను.

చిక్కుడుకి పందిరి వెయ్యలేదు. అది నా కోసం చూడకుండా కేబుల్ వైరు పట్టుకుని పక్కింటి మేడ మీదకి వెళ్ళి అక్కడ కాసింది. కరివేపాకు వేళ్ళు డబ్బాని చీల్చుకుని బయటికొచ్చాయి, మార్చలేదు, అయినా ఆకు ఘాటు తగ్గలేదు. బచ్చలి తీగ కత్తిరించకపోతే పిట్టగోడ దాటి కింద అంతస్తు కిటికీ దాకా వేలాడింది. ఆ అంతస్తులో ఉండేది మా ఇంటావిడ, డెబ్బై దాటిన బెంగాలీ పెద్దావిడ. మేమందరం మాసీమా, అంటే పిన్నిగారూ, అంటాం. ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి బచ్చలి తుంచుకుని గుమ్మడికాయతో కూర వండుకునేది. "నీ బద్ధకం నాకు బాగా కలిసొచ్చింది" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నొప్పి సంగతి ఆవిడకి చెప్పలేదు.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి తెలుసు, అది కూడా సగం. ఎందుకు దాచానో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి.

నాది దోమల పని. వార్డు ఆరోగ్య కేంద్రం తరఫున ఇల్లిల్లూ తిరిగి, మేడల మీదా స్నానాల గదుల్లోనూ నిలవ నీళ్ళు ఉన్నాయేమో చూసి పారబోయించాలి. నిలవ నీళ్ళని ఇక్కడ జమా జల్ అంటారు. మా పేటలో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరికీ జమా జల్ దిదినే, నిలవ నీళ్ళ అక్కని. మా అమ్మ శ్రీకాకుళం నుంచి పెళ్ళై వచ్చి ఇదే ఊళ్ళో వీధులు ఊడ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కళ్ళ గుమ్మం ఎక్కలేదు. మంచినీళ్ళడిగితే పైనించి పోసేవాళ్ళు. నేను అవే ఇళ్ళ మేడలెక్కుతాను. లైటు వెయ్యమంటాను, వేస్తారు. ఆఫీసుకి టై కట్టుకున్న బాబులు నా వెనకాల నిలబడి సంజాయిషీ చెప్పుకుంటారు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

మాది ఏడాదికేడాది పొడిగించే పని. నాకు ముందు ఇద్దరు ఆడవాళ్ళు ఒంట్లో బాగోలేదని చెప్పుకున్నారు. ఇద్దర్నీ కేంద్రంలో బల్ల దగ్గర కూర్చోబెట్టి జాబితాలు ఎత్తి రాయమన్నారు. మరుసటి ఏడు ఇద్దర్నీ పిలవలేదు. అందుకని నేను నోరు మెదపలేదు. ట్యాంకు మూత వేళ్ళతో కాకుండా మోచేత్తో తోసేదాన్ని. బరువైన వాటిని గొడుగు పిడి తగిలించి లాగేదాన్ని. చూసినవాళ్ళు అదేదో మా పద్ధతనుకునేవాళ్ళు.

నాకు జతగా తిరిగేది మా వైపు పిల్లే. ముప్ఫై దాటింది, ఇద్దరు పిల్లల తల్లి, నాలుగేళ్ళుగా నాతోనే పని. గుమ్మాల్లో నన్ను దిది అంటుంది, మేమిద్దరమే ఉన్నప్పుడు అప్పా అంటుంది. అక్కని మా వాళ్ళు అలాగే పిలుస్తారు. పని నా దగ్గరే నేర్చుకుంది. పనితో పాటు నా నోరు కూడా నేర్చుకుంది. నా నోరు మంచిది కాదు. నీళ్ళు కనబడితే చాలు, ఆ ఇంటివాళ్ళు ఎవరైనా సరే, "ఒక్క బకెట్టు వంచడానికి మీకు చేతుల్లేవా?" అని బెంగాలీలో గట్టిగా అడిగేదాన్ని. సందు సందంతా వినబడాలి. సిగ్గుపడితే వంచుతారని నా సిద్ధాంతం.

ఇంతటి నేను చేసిన పని చూడండి.

మా ఇంటికి కుళాయి కిందే. ఎండాకాలం వచ్చిందంటే రెండంతస్తులు బకెట్లు మొయ్యాలి. ఆ ఏడాది నా చేతులు బొత్తిగా మాట వినలేదు. అప్పుడు ఒక ఉపాయం తట్టింది. ప్రతి కుండీ కిందా ఒక లోతైన పళ్ళెం పెట్టాను, ఒకసారి నింపితే మొక్క నాలుగు రోజులు తాగుతుంది. వానాకాలం రాగానే మేడ మీద మెట్లగది వాన గొట్టం కింద ఒక నీలం డ్రమ్ము పెట్టించాను, ఇక నీళ్ళు మొయ్యనే అక్కర్లేదు. ఇవన్నీ నిలవ నీళ్ళేనని నాకు తెలీక కాదు. గుడ్డు పడ్డాక ఎన్నాళ్ళకి దోమై ఎగురుతుందో మా సందులో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. వారం పైనే పడుతుంది. అంటే ప్రతి ఆదివారం అన్నీ వంచేసి, ఒక పూట ఎండనిచ్చి మళ్ళీ పెడితే ఏ దోమా నా నీళ్ళలో పెద్దది కాలేదు. తెలియనివాళ్ళయితే భయపడి ఈ పనికి దిగరు. నేను తెలుసన్న ధీమాతో దిగాను.

అడిగేవాళ్ళు కూడా లేరు. ఎవరి సందు వాళ్ళకి వెయ్యరు కాబట్టి మా వైపు వేరే జత వచ్చేది. చూసిన ఇంటి గుమ్మం పక్కన సుద్దముక్కతో తారీకు వేసి వెళ్ళడం మా అలవాటు. వాళ్ళు మా ఇంటికొచ్చి, "దిది ఇల్లే కదా" అని మెట్లెక్కకుండానే తారీకు వేసి పోయేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకి నేనూ అంతే. మాలో మేం ఇచ్చుకునే మర్యాద అది. ఆ సుద్ద గీత చూసుకుని నేను మురిసిపోయేదాన్ని కూడా.

డ్రమ్ము పెట్టాక మొదటి రెండు ఆదివారాలు అనుకున్నట్టే వంచాను. మూడో ఆదివారం లిలువాలో మా పినతల్లి కూతురి సీమంతం. రైల్వే క్వార్టర్సులో వందమందికి వంట, పులిహోర నేనే కలపాలని పట్టుబట్టారు. ఇంటికొచ్చేసరికి మణికట్లు రెండూ బూరెల్లా ఉబ్బాయి. రేపు చూద్దామనుకున్నాను. రేపు వాన. ఆ తర్వాతి వారమంతా వాన, వానకి నొప్పి. నాలుగో ఆదివారం నిజంగానే చెయ్యి లేవలేదు. ఐదో ఆదివారం చేతులు బాగానే ఉన్నాయి. ఆ రోజు నేను మేడ మెట్ల మీద కూర్చుని, టీ తాగుతూ, చామంతి కొమ్మలు తుంచి కొత్త డబ్బాల్లో నాటాలి కదా అని ఆలోచిస్తూ, అదీ చెయ్యక ఇదీ చెయ్యక కిందికి దిగొచ్చేశాను. నొప్పి వల్ల ఆగిన పనికీ, నొప్పి పేరు చెప్పి ఆపిన పనికీ తేడా నాకు తెలుసు. ఐదో ఆదివారానిది రెండో రకం. అప్పుడే తెలుసు నాకు.

ఆ గురువారం మాసీమాకి జ్వరం వచ్చింది. శనివారం రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. తమ్ముడి కొడుకు వచ్చి టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. టాక్సీ ఎక్కుతూ ఆవిడ నా భుజం పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది. తలెత్తి మేడకేసి చూశాను. ఆవిడ కిటికీకీ నా డ్రమ్ముకీ మధ్య ఉన్నది ఒక్క స్లాబు.

డెంగీ వచ్చిన ఇంటి చుట్టుపక్కల అన్ని ఇళ్ళూ గాలించాలని నియమం. అప్పుడు సుద్ద గీత మర్యాదలు చెల్లవు. ఆదివారం సాయంత్రం మా సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. ఆయన్ని మేం దాదా, అంటే అన్నగారూ, అంటాం. "మీ సందు చూసే జతలో ఒకామె సెలవులో ఉంది. రేపు మీరిద్దరే చెయ్యండి. మొదలు మీ ఇంటి నుంచే" అన్నాడు. సరే అన్నాను. పక్కనే మా ఆయన అన్నం తింటున్నాడు. పైకెళ్ళి ఆ నీళ్ళన్నీ వంచెయ్యమంటే ఐదు నిమిషాల్లో వంచేసేవాడు. అడిగితే, ఇన్నాళ్ళూ వంచలేదా అంటాడు. ఎందుకు వంచలేదంటాడు. అడగలేదు. తెల్లవారుజామునే నేనే చేసేద్దామనుకున్నాను. ఈ పని కూడా వాయిదా వేశానన్నమాట.

పొద్దున్న ఐదింటికి మేడెక్కాను. ఆయన అప్పటికే రేవు పనికి వెళ్ళిపోయాడు. ఆ వేళప్పుడు నా చేతులు నావి కావు. మొదటి పళ్ళేన్ని కాలితో లాగాను. రెండోది మోచేత్తో. అలా ఐదు వంచేసరికి చెమటలు పట్టాయి. ఆరోది కరివేపాకు కింద పళ్ళెం. డబ్బాని భుజంతో వాల్చి పళ్ళెం లాగబోతే మణికట్టు పట్టు వదిలేసింది. డబ్బా కూలబడి మట్టంతా కాళ్ళ మీద పోసింది. అక్కడే కూర్చున్నాను. టార్చి వేసి డ్రమ్ములోకి చూశాను. దాని నిండా పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఆ తోటలో అంత ఏపుగా పెరిగినవి ఇంకేవీ లేవు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఎవరూ చూడలేదు.

ఎనిమిదింటికి నా జతగత్తె వచ్చింది. సంచిలో టార్చీ, పొడుగు కాడ గరిటె, కాగితాల అట్ట. నేను మేడ తలుపు తీసి పక్కకి తప్పుకున్నాను. అలవాటు ప్రకారం తిన్నగా డ్రమ్ము దగ్గరికెళ్ళి గరిటె ముంచి, తీసి, వెలుతురుకి పట్టి చూసింది. చూడగానే ఆ మాట దాని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. నేను నేర్పిన గొంతుతో, నేను నేర్పిన బెంగాలీలో, "ఒక్క బకెట్టు వంచడానికి మీకు చేతుల్లేవా?" అంది.

అని, వెనక్కి తిరిగి నన్ను చూసి నాలిక్కరుచుకుంది.

"ఓలమ్మ! అప్పా, నిన్నన్నేదే. నోరలవాటైపోనాది."

ఇన్నేళ్ళూ ఆ మాట అన్నది నేను. విన్నది ఆ రోజే. దానికి జవాబు ఉందని కూడా ఆ రోజే తెలిసింది. లేవు. నిజంగానే చేతుల్లేవు. ఆ జవాబు చెప్పే సందు నేను ఎవరికీ ఎప్పుడూ ఇవ్వలేదు.

అది మేడంతా ఓసారి కలియచూసి, గొంతు తగ్గించి, "నానేటీ సూడనేదు. నువ్వు కిందికెల్లి టీ ఎట్టు. ఇయ్యన్నీ నాను వొంపీసి, నీలు నేవని రాసెత్తాను" అంది.

"వొద్దు. ఉన్నదున్నట్టు రాయి."

"రాసెత్తే దాదా ఊరుకుంతాడేటి? మనింట్లోనే నీలని తెలిత్తే నిన్ను బల్ల కాడ కూకోబెట్టెత్తాడు."

"కూకోబెట్టనీ. మాసీమా ఆసుపత్రిలో ఉందే. ఇది దాసీసి రేపు ఎవురి మేడెక్కుతానే నాను?"

అది గరిటె పక్కన పెట్టింది. అట్ట మీద కాగితం పెట్టి గడులు నింపడం మొదలెట్టింది. ఇంటి నంబరు. నీళ్ళు ఎక్కడ. పురుగులు ఉన్నాయా. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. ఆ గడి పేరు కారణం.

"ఇక్కడేటి రాయమంతావు? ఎప్పుడూ రాసేదే రాసెయ్యనా?"

ఎప్పుడూ రాసేది ఒకటే మాట, అలక్ష్యం. తొమ్మిదేళ్ళలో ఆ గడిలో నేను ఆ మాట ఎన్నిసార్లు రాశానో చెప్పలేను. ఇంకో మాట రాసిన గుర్తు లేదు. ఎవర్నీ అడిగి రాసిందీ కాదు. నీళ్ళు కనబడగానే చెయ్యి దానంతటది రాసేసేది. ఆ చెయ్యి ఎంత నొప్పెడుతున్నా ఆ ఒక్క మాట మాత్రం చక్కగా రాసేది.

"సేతుల నొప్పి అని రాయి" అన్నాను.

"ఎవురి సేతులు?"

"నావే. తొమ్మిదేల్లయ్యింది."

చేతులు చాపి చూపించాను. మట్టి కొట్టుకుపోయి, కణుపులు లేచి, వంకర్లు పోయి ఉన్నాయి. అది వంగి చూసింది. జాలిపడుతుందేమోనని భయపడ్డాను. దానికి కోపం వచ్చింది.

"నాలుగేల్లు నీ పక్కన తిరిగినాను. నాకు సెప్పాలనిపించనేదేటి నీకు? గొడుగెట్టి మూతలు లాగుతుంతే అదేదో పెద్ద పనితనమనుకున్నాను. ఇంటికెల్లి మాయాయన గొడుగట్టుకొని నానూ నేర్సుకున్నాను."

కాగితం మీద గట్టిగా నొక్కి రాసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని, మిగిలిన ఇరవై పళ్ళేలూ డ్రమ్మూ ఒక్కొక్కటే వంచి కుదేసింది. ఆ చప్పుడుకి పక్కింటి వాళ్ళు మేడెక్కి చూశారు. అది మాత్రం ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. పాపం, అది చేసిన చప్పుడంతా నా మీద కోపమే.

మూడోరోజు దాదా పిలిపించాడు. కాగితం ఆయన ముందుంది. మంచిమనిషే, కుర్చీ వేయించాడు. ఆ కుర్చీ చూసే నాకు భయమేసింది. "దిది, ఇన్నాళ్ళు చెయ్యగలిగారు, చాలు. రేపట్నించి బల్ల దగ్గర కూర్చోండి. ఎండా వానా ఉండదు" అన్నాడు.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "నా కాళ్ళు బాగానే ఉన్నాయి. నా నోటి సంగతి మీకు తెలుసు. మూతలు ఎత్తేది నా జతగత్తె, అది రాళ్ళు కూడా ఎత్తగలదు. నేను చేసిన తప్పు ఒకటుంది, దాన్ని దిద్దుకోనివ్వండి. మూడేసి సార్లు అలక్ష్యం అని రాసిన ఇళ్ళున్నాయి కదా, ఆ కాగితాలివ్వండి. ఎందుకు వంచలేదో అడిగొస్తాను."

"అడిగితే ఏం తేలుతుంది?"

"ఇప్పటిదాకా అడగలేదు కాబట్టి నాకూ తెలీదు."

ఆయన ఆ కాగితాల కట్ట తీసి ఇచ్చాడు. పదిరోజులు గడువిచ్చాడు. ఆ తర్వాత నేను తిరగాలో కూర్చోవాలో తేలుస్తానన్నాడు.

మాసీమా ఆ వారంలోనే ఇంటికొచ్చింది. సగమైపోయింది మనిషి. గంజి పట్టుకెళ్ళి, మంచం పక్కన కూర్చుని, నీళ్ళ సంగతీ చేతుల సంగతీ రెండూ చెప్పాను. నా డ్రమ్ములో దోమే కుట్టిందో, ఇంకెక్కడిదో ఎవరూ చెప్పలేరు, కానీ నాదే అయ్యుండొచ్చు అన్నాను. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు కింద నుంచి కేకేసింది. "మేడ నాది. నీ చేతులు బాగోలేకపోతే ముందు తెలియాల్సింది నాకు కాదూ? బచ్చలి తీగ బద్ధకమని ఏడాది పొడుగునా నవ్వించుకున్నావు నా చేత." ఆవిడ బాధ దోమ గురించి కాదని అర్థమై, మెట్ల మీదే నిలబడి క్షమించమన్నాను. ఎప్పుడూ ఎవర్నీ అలా అడిగినదాన్ని కాదు.

మా ఆయనకీ మొత్తం చెప్పాను. రోజూ రేవుకి వెళ్ళేముందు రెండు బకెట్లు పైన పెట్టి వెళ్తున్నాడు. కుండీలు పద్నాలుగుకి తగ్గించాను. పళ్ళేలు పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. వంగకుండా చెయ్యి అందేలా డబ్బాల్ని ఒక విరిగిన బెంచీ మీదకి ఎక్కించాం. చామంతులు ఆ ఏడు ఆలస్యంగా నాటాను, పువ్వులు బొత్తాల్లా పూశాయి, అయినా పూశాయి. చిక్కుడు పందిరి ఇప్పటికీ వెయ్యలేదు. ఏ పని ఆపొచ్చో ఏది ఆపకూడదో ఇప్పుడు ఇంకా బాగా తెలుసు కాబట్టి, ఆపేవాటిని నిశ్చింతగా ఆపుతున్నాను.

ఇక ఆ పదిరోజులు. గుమ్మంలో నిలబడి ముందు నా చేతులు చూపించేదాన్ని. మా ఇంట్లోనూ నీళ్ళు దొరికాయని చెప్పేదాన్ని. జమా జల్ దిది ఇంట్లోనా అని ముందు నవ్వేవాళ్ళు. తర్వాత లోపలికి రమ్మనేవాళ్ళు. ఒకావిడకి నడుము పట్టేసి ఏడాదైంది, మేడ ముఖం చూడలేదు. ఒకాయనకి కళ్ళు కనబడవు, నీళ్ళలో ఏముందో తెలీదు. ఒకింట్లో కోడలు పక్షవాతం వచ్చిన మామగారి కోసం బకెట్లు నింపి పెడుతోంది, కుళాయి ఎప్పుడొస్తుందో తెలియక. శుద్ధ బద్ధకస్తులు కూడా ఉన్నారు, లేరనను. వాళ్ళని పాత పద్ధతిలోనే తిట్టాను.

తొమ్మిదో రోజు గార్డెన్ రీచ్ వైపు ఒక ఇంటికి వెళ్ళాం. ఓడలు కట్టే యార్డులో వెల్డింగు చేసి రిటైరైన పెద్దాయనది, కొడుకూ కోడలూ కింద ఉంటారు. మేడ మీద చామంతి కుండీలు, వాటి కింద తొట్టెల్లో నీళ్ళు. ఇదివరకు మూడుసార్లూ ఆ పెద్దాయన మేం రాసిన కాగితం మీద సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. మేమంటే ఆయనకి మంట. మమ్మల్ని చూడగానే, "రాసుకోండి, అలక్ష్యం అనేగా" అన్నాడు.

"లేదు దాదూ, అడగడానికొచ్చాను" అని తాతని పిలిచినట్టే పిలిచి చేతులు చాపాను.

ఆయన నా వేళ్ళకేసి చూశాడు. లుంగీ మడతలోంచి తన కుడిచెయ్యి బయటికి తీశాడు. నాలుగు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. సంతకం ఎందుకు పెట్టలేదో అప్పుడు తెలిసింది.

"ఇది మాత్రం రాయొద్దు" అన్నాడు. "నా కొడుక్కి తెలిస్తే ఈ వయసులో ఎందుకు నాన్నా అని మొక్కలన్నీ తీయించేస్తాడు. నాకు ఇవి తప్ప పైకి రావడానికి ఇంకో పని లేదు."

నా జతగత్తె నా మొహం చూసింది. తీయించరు అని అబద్ధం చెప్పలేను. "నాది రాయించాను దాదూ. నా పని ఉంటుందో పోతుందో రేపు తేలుతుంది. పోతే ఏడుస్తాను. కానీ దాచినన్నాళ్ళూ నా నీళ్ళు ఎవరూ వంచలేదు" అన్నాను.

ఆయన ముడుచుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని చామంతుల పక్కన కూర్చున్నాడు. "రాయండి. మా వాడికి మాత్రం నేనే చెప్పుకుంటాను" అన్నాడు.

మర్నాడు కాగితాలన్నీ దాదా బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కొక్కటే తిరగేశాడు, నాలుగో గడి మాత్రమే చదువుతున్నాడు. నడుము. కళ్ళు. మోకాళ్ళు. పక్షవాతం. చెయ్యి. మధ్యమధ్య అలక్ష్యం. ఆఖరి కాగితం పక్కన పెట్టి, "ఇన్నేళ్ళూ వీళ్ళెవరూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"మేం అడగలేదు దాదా" అన్నాను. "నన్నూ మీరు అడగలేదు."

ఆయన తలెత్తి చూశాడు. నేను నిలబడే ఉన్నాను, కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది. బల్ల సొరుగులోంచి సోమవారం వీధులు తిరిగేవాళ్ళ జాబితా తీసి, రెండు గీతలు కొట్టి, ఏదో రాసి నా ముందుకి జరిపాడు. మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మెట్లెక్కువున్న వీధులన్నీ మాకే వేశాడు.